‘హార్డ్’ అన్న ఒక్క మాటతో డిక్షనరీల పరీక్ష: కడపలో ఏది కొనాలి, ఏది అంగట్లోనే వదిలేయాలి

అట్ట మీద ‘ఇన్ని వేల మాటలు’ అన్న అంకె చూసి డిక్షనరీ కొనటం, సంచి బరువు చూసి శెనక్కాయలు కొన్నట్టే. లోపల గింజ ఉందో, అన్నీ లొట్టలో ఒలిచి చూస్తే గాని తెలీదు. డిక్షనరీని ఒలిచి చూడటానికి అరుదైన మాటలు పనికిరావు. ఎవరూ వాడని పెద్ద మాటకు ఒకే అర్థం ఉంటుంది, దాన్ని ఏ పుస్తకమైనా సరిగ్గానే ఇస్తుంది. అసలు బండారం బయటపడేది రోజూ వాడే చిన్న విశేషణం దగ్గరే.

ఇక్కడ పరీక్షకు తీసుకున్నది ‘హార్డ్’. మన ఊళ్లలో ఇది దాదాపు తెలుగు మాటే అయిపోయింది. మేకులూ తాళాలూ అమ్మేది హార్డ్‌వేర్ అంగడి, సచివాలయంలో అడిగేది హార్డ్ కాపీ, బోరులో వచ్చేది హార్డ్ వాటర్, మార్కులు తక్కువొస్తే వినపడేది ‘హార్డ్ వర్క్ చెయ్యాలి’. ఇంత పరిచయం ఉన్న మాట కాబట్టే ఎవరూ డిక్షనరీలో వెతకరు, అందుకే తప్పుతారు. కడప ఏడు రోడ్ల చుట్టుపక్కల, వైవీ వీధి పొడుగునా పుస్తకాల అంగళ్లలో దొరికే రకాల్నీ, ఫోన్లో ఉచితంగా దొరికేవాటినీ ఈ ఒక్క మాటతోనే తూచాం.

ముందు జేబులో పట్టే ఇంగ్లిష్–తెలుగు పుస్తకాలు. ప్రచురణకర్త ఎవరైనా ఈ రకం పుస్తకాల్లో ‘హార్డ్’ ఎదురుగా కనిపించేది కాస్త అటూ ఇటూగా ఇదే: గట్టి, కఠినమైన, కష్టమైన, క్రూరమైన. నాలుగూ తప్పు కాదు, నాలుగూ అక్కరకూ రావు. లోపమంతా ఆ కామాల్లో ఉంది. కామా పెట్టగానే నాలుగు మాటలూ ఒకే అర్థానికి నాలుగు పేర్లన్నట్టు కనిపిస్తాయి. నిజానికి అవి నాలుగు వేర్వేరు అర్థాలు. పక్కనున్న నామవాచకాన్ని బట్టి ఒక్కటే పనిచేస్తుంది, మిగతా మూడూ పక్కకు తప్పుకుంటాయి. రాయి పక్కన ఉంటే గట్టి, లెక్క పక్కన ఉంటే కష్టం, గుండె పక్కన ఉంటే కఠినం. ఇది చెప్పని పుస్తకం పట్టుకుని ‘హార్డ్ ఆఫ్ హియరింగ్’ దగ్గరికి వచ్చిన పిల్లవాడు ‘గట్టిగా వినటం’ అని రాసుకుంటాడు. దాని అర్థం వినికిడి తక్కువ అని. ‘హార్డ్ అప్’ అంటే చేతిలో డబ్బుల్లేక ఇబ్బంది పడటం, ‘హార్డ్ క్యాష్’ అంటే రొక్కం. ఈ మూడింటికీ ఆ నాలుగు కామాల్లో చోటు లేదు.

ఒక మంచి ఆనవాలు చెప్తాం, అంగట్లో నిలబడే చూసుకోవచ్చు. ‘హార్డ్’కు పుస్తకం ఎన్ని వ్యతిరేక పదాలు చూపిస్తోంది? రాయికీ నీటికీ గుండెకూ వ్యతిరేకం ‘సాఫ్ట్’. ప్రశ్నకు వ్యతిరేకం ‘ఈజీ’. ఒళ్లు వంచి చేసే పనికి వ్యతిరేకం ‘లైట్’ అవుతుంది, బతుకుకైతే మళ్లీ ‘ఈజీ’. వ్యతిరేకం మారిందంటే అర్థం మారినట్టే. ఒక్క ‘సాఫ్ట్’ రాసి ఊరుకున్న పుస్తకం, ఒక్క అర్థమే తెలుసని తనకు తానే ఒప్పుకున్నట్టు.

ఇక నీళ్ల సంగతి. రాయలసీమలో ఇంగ్లిష్ డిక్షనరీ నిలబడేదీ కూలబడేదీ ఇక్కడే. ‘హార్డ్ వాటర్’ను గట్టి నీళ్లు అనుకుంటే మంచుగడ్డ అనుకునే ప్రమాదం ఉంది. తెలుగు మీడియం సైన్సు పుస్తకంలో దాని పేరు కఠిన జలం, ఇంట్లో అనేది ఉప్పునీళ్లు. ఈ రెండు మాటలూ సరిగ్గా ఒకటి కావు, మంచి నిఘంటువైతే ఆ తేడా చూపించాలి. ఉప్పునీళ్లు అంటే నాలుకకు తెలిసే రుచి. కాఠిన్యం అంటే నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాల లెక్క. ఉప్పదనం పెద్దగా తెలియని నీళ్లు కూడా బాగా హార్డ్‌గా ఉండొచ్చు. సబ్బు రుద్దితే నురగ రాకుండా తెల్లటి మడ్డి కట్టడం, కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకు పోకపోవటం, గీజర్ కాయిల్ మీద సున్నపు పెచ్చు పేరుకోవటం దాని గుర్తులు. సబ్బు కాల్షియంతో కలిసి నీటిలో కరగని పదార్థంగా మారిపోతుంది కాబట్టి నురగకు సబ్బు మిగలదు. పప్పు గింజ గోడల్లోని పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని అదే కాల్షియం బిగించేస్తుంది కాబట్టి పప్పు మెదగదు.

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన ఐ.ఎస్. 10500 (2012) ప్రకారం, కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యం ఆమోదయోగ్యం, వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు అనుమతి. కాచితే పోయేది తాత్కాలిక కాఠిన్యం, బైకార్బొనేట్ల వల్ల వచ్చేది. కాచినా పోనిది శాశ్వత కాఠిన్యం, సల్ఫేట్లూ క్లోరైడ్ల వల్ల వచ్చేది. ఇదంతా డిక్షనరీలో ఉండాలని కాదు. ‘ఖనిజాలు ఎక్కువుండి సబ్బు నురగ సరిగా రాని నీళ్లు’ అని ఒక్క వరస ఉంటే చాలు. చదువుకునేవాళ్ల కోసం రాసిన ఇంగ్లిష్–ఇంగ్లిష్ డిక్షనరీలు ఈ అర్థాన్ని విడిగా, దాని సొంత అంకెతో ఇస్తాయి. జేబు పుస్తకాలకు ఈ ఒక్క పరీక్షలోనే మార్కులు సగం పోతాయి.

రాళ్ల సంగతికొస్తే కడపవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దేశమంతా వంటగట్టులకు, అలమర పలకలకు వాడే నల్ల నాపరాయికి మన ఊరి పేరే పెట్టారు, కడప రాయి అని. గట్టి రాయి అని పేరు. కానీ ఖనిజశాస్త్రంలో ‘హార్డ్’ అంటే గీత పడనిది అని మాత్రమే అర్థం. 1812లో ఫ్రెడరిక్ మోస్ తయారుచేసిన కొలబద్దలో సున్నపురాయిలోని కాల్సైట్ 3 దగ్గర, ఉక్కు కత్తి సుమారు 5.5 దగ్గర, గ్రానైట్‌లోని క్వార్ట్జ్ 7 దగ్గర, వజ్రం 10 దగ్గర ఉంటాయి. నాపరాయి సున్నపురాయి జాతి కాబట్టి కత్తి గీత పడుతుంది, నిమ్మరసం ఒలికి అలాగే వదిలేస్తే మచ్చా పడుతుంది. అయినా పలక ఇల్లు ఉన్నన్నాళ్లు ఉంటుంది. అందుకే ‘హార్డ్’ వేరు, పగలనిది అన్న అర్థంలో ‘టఫ్’ వేరు.

దీనికి వజ్రాన్ని మించిన ఉదాహరణ లేదు. అనంతపురం జిల్లా వజ్రకరూరు, కర్నూలు జిల్లా జొన్నగిరి చేలల్లో తొలకరి పడగానే జనం రాళ్లేరుతుంటారు. దొరికిన రాయిని సుత్తితో కొట్టి ‘పగల్లేదు, వజ్రమే’ అని తేల్చుకోవాలనుకుంటే చేతిలోది చేజారినట్టే. వజ్రాన్ని మరో వజ్రం తప్ప మామూలుగా ఏదీ గీకలేదు కానీ, సుత్తి దెబ్బకు అది తన పొరల వెంబడి చక్కగా చీలిపోతుంది. అది పరమ హార్డ్, అంత టఫ్ కాదు. జేబు పుస్తకం ‘హార్డ్’కూ ‘టఫ్’కూ ‘గట్టి’ అనే రాస్తుంది. మనుషుల విషయంలో ఈ రెండు మాటలూ దగ్గరగా వస్తాయి గాని వస్తువుల విషయంలో రావు.

తాగే వాటి దగ్గర మన ఇంగ్లిష్ ఒక చిత్రమైన మలుపు తిరిగింది. ఇంగ్లిష్‌లో మందు ‘హార్డ్ డ్రింక్’, సోడా, కోలా లాంటివి ‘సాఫ్ట్ డ్రింక్’. మన దగ్గర రెండోది కూల్ డ్రింక్ అయింది, దానికి జోడీగా మొదటిది ‘హాట్’ అయి కూర్చుంది. అలవాటు కొద్దీ లండన్‌లోనో బెంగళూరు విమానాశ్రయంలోనో ‘హాట్ డ్రింక్స్’ అన్న బోర్డు చూసి మొహం చిట్లించుకోవద్దు. అక్కడ దొరికేవి టీ, కాఫీలే. ఈ హెచ్చరిక పరీక్షకు తీసుకున్న ఏ రకం పుస్తకంలోనూ ఉండదు. ఇంగ్లిష్ వాళ్లు రాసినవాటికి మన సంగతి పట్టదు, మనవాళ్లు రాసినవాటిలో దానికి చోటు చిక్కదు.

అక్షరాల దగ్గర ఇంకో గుంట ఉంది, తెలుగు వ్యాకరణం చదివినవాళ్లే అందులో ఎక్కువగా పడతారు. మనకు క, చ, ట, త, ప పరుషాలు, గ, జ, డ, ద, బ సరళాలు. పరుషమంటే కఠినం, అంటే హార్డే. ఇంగ్లిష్‌లోనూ ‘హార్డ్ సి’, ‘హార్డ్ జి’ అన్న మాటలున్నాయి. ‘క్యాట్’లో ఉన్నది హార్డ్ సి, ‘సిటీ’లో ఉన్నది సాఫ్ట్ సి. ఇంతవరకు ఇబ్బంది లేదు, క మనకూ పరుషమే. అసలు చిక్కు ‘జి’తో. ‘గేట్’లోని గ శబ్దం వాళ్లకు హార్డ్ జి, ‘జెమ్’లోని జ సాఫ్ట్ జి. మన లెక్కలో గ, జ రెండూ సరళాలే. కాబట్టి హార్డ్ అంటే పరుషం అని గుడ్డిగా అతికిస్తే లెక్క తప్పుతుంది. టీచర్ ట్రైనింగ్ చదివేవాళ్లు ఈ అర్థం ఉన్న డిక్షనరీనే కొనాలి.

వ్యాకరణం విషయంలో పరీక్ష ఇంకా కటువుగా పెట్టాలి, మార్కులు పోయేది అక్కడే. ‘నాకు ఇంగ్లిష్ కష్టం’ అన్న తెలుగు వాక్యాన్ని మాటకు మాట దింపితే ‘ఐ యామ్ హార్డ్ ఇన్ ఇంగ్లిష్’ అవుతుంది, అది ఇంగ్లిష్ కాదు. సరైనది ‘ఐ ఫైండ్ ఇంగ్లిష్ హార్డ్’, లేదా ‘ఇంగ్లిష్ ఈజ్ హార్డ్ ఫర్ మి’. ‘రేపు రావటం నాకు కష్టం’ అన్నదానికి ‘ఇట్ ఈజ్ హార్డ్ ఫర్ మి టు కమ్ టుమారో’ అనాలి. కష్టపడేది మనిషే అయినా ఇంగ్లిష్ వాక్యంలో హార్డ్ అయ్యేది పని. ‘హి ఈజ్ హార్డ్ టు ప్లీజ్’ అంటే ఆయన కష్టపడుతున్నాడని కాదు, ఆయన్ను మెప్పించటం కష్టమని. తెలుగు బిడ్డకు ఇది అర్థమైతే సగం వాక్యాలు చక్కబడతాయి.

ఇంకొకటి ఉద్యోగాల ఇంటర్వ్యూలో నిలువునా ముంచేది. ‘స్లో’కు ‘స్లోలీ’, ‘క్విక్’కు ‘క్విక్లీ’ ఉన్నాయి కాబట్టి ‘హార్డ్’కు ‘హార్డ్లీ’ అనుకుంటారు. ‘ఐ వర్క్ హార్డ్’ అంటే కష్టపడి పనిచేస్తాను. ‘ఐ హార్డ్లీ వర్క్’ అంటే పని దాదాపు చేయనే చేయను. ఉద్యోగం అడగటానికి వచ్చి ‘ఐ వర్క్ హార్డ్లీ’ అన్నవాణ్ని ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. క్రియా విశేషణంగానూ ‘హార్డ్’ రూపం మారదు. అందుకే ‘ఇట్ రెయిన్డ్ హార్డ్’ అంటే జోరున వాన కురిసిందని. ‘హార్డ్లీ’లోనే ‘లేదు’ దాగి ఉంది కాబట్టి దాని పక్కన మళ్లీ ‘నాట్’ పెట్టకూడదు. పోలిక చెప్పేటప్పుడు ‘హార్డర్’, ‘హార్డెస్ట్’, ‘మోర్ హార్డ్’ కాదు. డిక్షనరీలో ‘హార్డ్లీ’కి ‘కఠినంగా’ అని కనిపిస్తే ఆ పుస్తకాన్ని మూసి అంగడాయన చేతికి ఇచ్చేయండి. ఇంకే పేజీ చూడక్కర్లేదు.

ఉచ్చారణ దగ్గర ఒక్క మాట. జేబు పుస్తకం తెలుగు లిపిలో ‘హార్డ్’ అని రాసి ఊరుకుంటుంది. బ్రిటిష్ ఉచ్చారణలో మధ్యనున్న ర వినపడదు, అమెరికన్‌లో వినపడుతుంది. మనం చివర ‘ఉ’ చేర్చి ‘హార్డు’ అంటాం. గుండె అనే ‘హార్ట్’కూ దీనికీ తేడా అంతా చివరి డ, ట లలో ఉంది, ఆ ‘ఉ’ తగిలించినా ఈ రెండు హల్లులూ కలిసిపోకుండా చూసుకోండి. ఇది చెవితో వింటే తేలేది గాని అచ్చులో చూస్తే తేలేది కాదు. ఇక్కడ ఫోనుదే పైచేయి.

ఇన్ని పరీక్షలకూ నిలబడేవి చదువుకునేవాళ్ల కోసం ప్రత్యేకంగా రాసిన ఇంగ్లిష్–ఇంగ్లిష్ డిక్షనరీలే. లాంగ్‌మన్ వాళ్లు 1978లో తెచ్చిన సమకాలీన ఇంగ్లిష్ డిక్షనరీ, అర్థాలన్నిటినీ సుమారు 2000 తేలిక మాటలతోనే చెప్పే పద్ధతి పెట్టుకుంది. హార్న్‌బీ పేరుతో నిలిచిపోయిన ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ ఇంకో గట్టి ఎంపిక. రెండింటికీ ఇంటర్నెట్లో ఉచిత సైట్లున్నాయి. అర్థాలను అంకెలతో విడదీస్తాయి, ప్రతి అర్థానికీ పూర్తి వాక్యం ఇస్తాయి, వ్యతిరేక పదాన్ని ఆ అర్థం పక్కనే చూపిస్తాయి. ‘బి హార్డ్ ఆన్’ లాంటి జంటల్నీ పట్టించుకుంటాయి. మనిషి మీద వాడితే కటువుగా ఉండటం, వస్తువు మీద వాడితే దాన్ని త్వరగా అరగదీయటం. ‘దిస్ రోడ్ ఈజ్ హార్డ్ ఆన్ టైర్స్’ అనొచ్చు. లోపం లేదా అంటే ఉంది, తెలుగు లేదు. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు మొదటి నెల ఇనుప గుగ్గిళ్లే. రోజుకు మూడు మాటల చొప్పున, వాక్యాలు మాత్రమే చదివిస్తే దారిలో పడతారు.

ఇక తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు వెళ్లాల్సినప్పుడు ‘గట్టి’తో ఎదురు పరీక్ష పెట్టాలి. గట్టి పెరుగు అంటే ‘థిక్’ కర్డ్, ‘హార్డ్’ అనకూడదు. గట్టి నిద్ర అంటే ‘సౌండ్’ స్లీప్. గట్టిగా మాట్లాడు అంటే ‘లౌడ్లీ’. వాడు గట్టోడు అంటే సందర్భాన్ని బట్టి తెలివైనవాడో, లొంగనివాడో. గట్టి సాక్ష్యానికి ‘హార్డ్ ఎవిడెన్స్’ సరిపోతుంది. గట్టి దెబ్బకూ ‘హార్డ్’ సరిపోతుంది. ఐదారు ‘గట్టి’లలో రెండే ‘హార్డ్’లు. ఈ దారిలో వెళ్లటానికి మనకు పాత ఆస్తి ఒకటుంది. 1820లో కడపకు వచ్చి ఇక్కడే బంగళా కొని పండితుల్ని కూర్చోబెట్టిన సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు 1852లో అచ్చయింది, సవరించిన కూర్పు 1903లో వచ్చింది. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పటి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. 1903 కూర్పు, ఐ.సి.ఎస్. అధికారి జె.పి.ఎల్. గ్విన్ 1991లో తెచ్చిన నిఘంటువు, రెండూ షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా నిఘంటువుల సైట్లో ఉచితం, తెలుగు లిపిలోనే వెతకొచ్చు. పద్యాలూ పాత వాడుకలూ చదివేటప్పుడు బ్రౌన్ దొరను అడగాలి. ఇవాళ్టి వాడుక తెలుగుకు గ్విన్ మేలు. బ్రౌన్ ఇచ్చే ఇంగ్లిష్ 19వ శతాబ్దపుది. దాన్ని ఎత్తి ఉద్యోగ దరఖాస్తులో పెట్టొద్దు.

ఫోన్లో అనువదించే యాప్‌లకు చుట్టూ ఉన్న మాటలే ఆధారం. కాబట్టి ‘హార్డ్’ ఒక్కటీ కొట్టి అర్థం అడిగితే ఎక్కువ వాడుకలో ఉన్న అర్థాన్ని ముందు పెడతాయి, అది మీకు కావలసినది కాకపోవచ్చు. పూర్తి వాక్యం కొట్టండి. వచ్చిన తెలుగును మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పి చూడండి. మొదటి వాక్యానికి దగ్గరగా వస్తే నమ్మొచ్చు, దూరం పోతే లెర్నర్స్ డిక్షనరీ తెరవాలి. ‘నో హార్డ్ ఫీలింగ్స్’, ‘హార్డ్ అండ్ ఫాస్ట్ రూల్’ లాంటి పలుకుబళ్లకు ఈ తిప్పి చూసే పని తప్పనిసరి. మొదటిది ‘మనసులో ఏమీ పెట్టుకోవద్దు’ అని చెప్పటం. రెండోది సడలింపు లేని నియమం, ఆ ‘ఫాస్ట్’కు వేగంతో సంబంధం లేదు, బిగించి కట్టినదని అర్థం.

ఎవరికి ఏది అంటే, ఇంటర్ దాటినవాళ్లు, పోటీ పరీక్షలవాళ్లు లెర్నర్స్ డిక్షనరీ అచ్చు పుస్తకం కొనుక్కోవటం మంచిది, ఫోన్లో ఒక అర్థం చూసి పక్కకు జారిపోతాం, పేజీ మీదైతే పది అర్థాలూ ఒకేసారి కంటపడతాయి. హైస్కూలు పిల్లలకు తెలుగు అర్థం కూడా ఉండే ఇంగ్లిష్–ఇంగ్లిష్–తెలుగు రకం, అది కూడా ఉదాహరణ వాక్యాలుంటేనే. బస్సులో, అంగట్లో బోర్డు చదవటానికి జేబు పుస్తకం అవసరమే లేదు, ఫోను చాలు.

పాత పుస్తకాల అంగట్లో లెర్నర్స్ డిక్షనరీ కొనేటప్పుడు అట్ట, వెన్ను కుట్టు చూశాక ‘హెచ్’ దగ్గర తెరిచి ‘హార్డ్’ నుంచి ‘హార్డ్‌వేర్’ దాకా వేలు నడపండి. ఆ మాటలు రెండు మూడు పేజీల్లో పరుచుకుని ఉంటాయి. పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి, మధ్యలో ఒక ఆకు చిరిగిపోయి ఉంటే ‘హార్డ్లీ’ మీకు దొరకదు.